మెట్ల మీద లేని కన్ను

మేనల్లుడు డిటెక్టివ్ ఎదుట కుర్చీ అంచున కూర్చున్నాడు. ఇచ్చిన మంచినీళ్ళు ముట్టలేదు.

"మా అత్తయ్య మా ఆఫీసు మెట్ల మీద చీకట్లో పడిపోయింది సార్. తుంటి విరిగింది. వాచ్‌మన్ లైటు ఆపాడని మేనేజరు అతన్ని పనిలోంచి తీసేస్తున్నాడు. అతనేం చెయ్యలేదు. మీరే కాపాడాలి."

"అంత గట్టిగా ఎలా చెప్తున్నారు?" అన్నాడు డిటెక్టివ్.

"మంచివాడు సార్," అంటూ తల దించుకున్నాడు. డిటెక్టివ్ సహాయకురాలికి అతని మీద జాలేసింది.

అది ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసు. అత్తయ్యా, మేనల్లుడూ అక్కడే పనిచేస్తారు. లైట్లకి స్విచ్‌లు లేవు; మెట్ల లైట్లకి మెయిన్ స్విచ్ ఒక్కటే వాచ్‌మన్ గదిలో ఉంది. పైకప్పుకున్న సెన్సర్లను అందరూ కళ్ళంటారు. కింద కదలిక ఉంటే లైటు వెలుగుతుంది, లేకపోతే ఆరిపోతుంది.

డిటెక్టివ్, సహాయకురాలు అక్కడికి వెళ్ళేసరికి గీస్తున్నవాళ్ళు ఉండుండి చెయ్యెత్తి ఊపుతున్నారు.

"ఏం చేస్తాం సార్," నవ్వాడు ఒకాయన, "కదలకపోతే ఈ కన్ను మమ్మల్ని పోయినవాళ్ళ కింద జమకడుతుంది!"

మేనల్లుడు మాత్రం వంచిన తల ఎత్తకుండా గీస్తున్నాడు. అతని లైటు ఆరలేదు. అతని నెత్తిమీద కళ్ళు రెండున్నాయి.

"కళ్ళన్నీ పనిచేస్తున్నాయని కంప్యూటరే చెప్తోంది. ఇక ఆపింది వాచ్‌మన్ కాక ఇంకెవరు?" అన్నాడు మేనేజరు.

డిటెక్టివ్ అందరినీ మెట్ల దగ్గరికి పిలిచాడు. సహాయకురాలు మెట్లెక్కి చేతులూపింది. వెలుగు రాలేదు. స్టూలు వేయించి పైకప్పుకున్న మూత విప్పించాడు. లోపల ఖాళీ.

"పనిచేస్తున్నాయా అని అడిగారు గానీ, ఎక్కడున్నాయని అడగలేదు. ఈ కన్ను తీసి ఒకరు తన బల్లకి పైన, కప్పుకి బిగించుకున్నారు. రెండు పక్కల నుంచీ చూస్తే పెన్సిలు కదిలినా చాలు, లైటు ఆరదు. అది ఆ గదిదేనని కంప్యూటరుకీ చెప్పారు. అందరూ లిఫ్టులోనే తిరుగుతారు కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఆ రోజు లిఫ్టు చెడింది."

వాచ్‌మన్ గోడకి చేరబడి ఏడ్చాడు.

"లిఫ్టు చెడింది, మెట్లు దిగమని అత్తయ్యకి చెప్పింది కూడా నేనే," అన్నాడు మేనల్లుడు. "కన్ను సంగతి గుర్తే లేదు. ఆవిడ కేక వినేదాకా..."

"తెలిసీ మా దగ్గరికెందుకొచ్చారు?" సహాయకురాలు ఉండబట్టలేక అడిగింది.

"నా నోటితో చెప్పలేక."

"ఇక్కడ మీ బదులు నేను చెప్పాను," అన్నాడు డిటెక్టివ్. "ఆసుపత్రిలో చెప్పాల్సింది మాత్రం మీరే."

మేనల్లుడు చాలాసేపు కదలకుండా నిలబడ్డాడు. తర్వాత గోడ తడుముకుంటూ ఆ చీకటి మెట్లు దిగాడు.