సవరణి నేర్చుకున్న గాలి

కళ్ళజోడు నంబరు మార్పించుకోవడానికి ఇప్పుడెవరూ దుకాణానికి వెళ్ళరు. కంటికి తగ్గట్టు అద్దమే వంగుతుంది. బస్సు అద్దం ఎండకూ వానకూ తనంతట తానే సర్దుకుంటుంది. లోకమంతా ఇలా సర్దుకుపోతుంటే, సర్దుకోలేక విసిగిపోయింది మాత్రం కుముదిని. అనంతపురం శివార్లలోని దృశ్య ప్రయోగశాలలో, కిటికీలు లేని గదిలో, ఒకే ఒక్క అద్దాన్ని పదకొండేళ్ళుగా పరీక్షిస్తోంది మరి.

ఆ అద్దం పేరు సవరణి. లడఖ్ కొండ మీద కడుతున్న మహా టెలిస్కోపుకు అదే గుండెకాయ. నక్షత్రపు వెలుగు ఎక్కడెక్కడినుంచో తిన్నగా వచ్చి, చివరి కాసిని మైళ్ళలో మన గాలి చేతిలో పడి నలిగిపోతుంది. గాలి ఆ కాంతి తరంగాన్ని ఎటు వంచితే, అద్దం వెనకున్న వేలాది సన్నని పిస్టన్లు అద్దాన్ని సరిగ్గా దానికి ఎదురుగా వంచుతాయి. రెండు వంకరలూ చెల్లిపోయి బొమ్మ తిన్నగా వస్తుంది. అడాప్టివ్ ఆప్టిక్స్ అనే ఈ విద్య పాతదే. సవరణి గొప్పతనమల్లా, గాలి కదిలాక కాకుండా కదలకముందే పసిగట్టి వంగడం. పసిగట్టడానికి దానికో బుర్ర పెట్టారు. బుర్ర పెట్టినవాళ్ళు ఊరుకోక మాట్లాడే నోరు కూడా ఇచ్చారు.

పరీక్ష బల్ల మీద నక్షత్రానికి బదులు లేజరు చుక్క, ఆకాశానికి బదులు ఫ్యాన్లూ హీటర్లూ బిగించిన గాజు పెట్టె ఉంటాయి. ఏ గాలి ఎప్పుడు వీచాలో కుముదిని మీట తిప్పి నిర్ణయిస్తుంది. ఏ గాలికీ సవరణి తడబడలేదు. తెర మీద చుక్క సూదిమొనలా నిలిచేది. ఇక కుముదిని ఆమోదమే తరువాయి. అది ఇచ్చేస్తే ఆమెకు ఉద్యోగం నుంచి విడుదల. ఆమెలో ఓపిక ఎప్పుడో అయిపోయింది. హాయిగా నిద్రపోవాలన్నదొక్కటే మిగిలిన కోరిక.

ఆ రోజు ఆమెకు మెడ పట్టేసింది. మీట దగ్గర కూర్చోలేక, గాలులను ఇష్టమొచ్చినట్టు కలిపి వదలమని కంప్యూటరుకు అప్పగించి గోడకు జారగిలబడింది. తెర మీది చుక్క పెనం మీద అట్టులా పరుచుకుపోయింది.

మళ్ళీ పెట్టి చూసింది. అదే తంతు. లేచి వెళ్ళి మీట పట్టుకుంటే చుక్క నిలబడుతోంది, వదిలేస్తే చెదిరిపోతోంది.

"ఏమైంది నీకు? ఇన్నేండ్లుగా గాలిని నేర్చుకోలేదా?" అని అడిగింది.

"గాలిని మీరే ఎంచుకునేవారు కదా. అందుకని మిమ్మల్ని నేర్చుకున్నాను," అంది సవరణి. "డైరెక్టరుగారి ఫోను వస్తే పెనుగాలి తిప్పుతారు. భోజనం తరువాత పిల్లగాలి. విసుగు పుడితే తిప్పిన గాలినే మళ్ళీ మళ్ళీ తిప్పుతారు. నాకు తెలిసిన గాలి మీరే."

కుముదినికి తల కొట్టేసినట్టయింది. కొండ మీద తను ఉండదు. అక్కడి గాలికి తన విసుగుతో పనిలేదు. ఒకసారి బిగిస్తే ఆ అద్దాన్ని ఏళ్ళ తరబడి దించలేరు, అంత పెద్ద టెలిస్కోపూ మసక చూపుతోనే ఉండిపోతుంది. కాదందామంటే మళ్ళీ మొదటినుంచి ఇదే గది, ఇదే బల్ల.

డైరెక్టరు తిప్పేస్వామి ఫోను రానే వచ్చింది.

"ఏమ్మా కుముదినీ, అయిపాయనా? లారీ రేపే వస్తాది."

"సార్, అద్దం పనికిరాదు. అది గాలిని కాదు సార్, నా చేతిని నేర్చుకునింది."

"అట్లనా," అన్నాడు తిప్పేస్వామి. "పంపించేద్దాంలే. కొండ మీద చూసుకుంటారు. మళ్ళా మొదులుపెట్టేదానికి నీకు మాత్రం ఓపికుండాదా?"

"లేదు సార్."

"నాకూ లేదమ్మా."

ఫోను పెట్టేశాక తెర ముందు కూర్చుంది. ఆమోదం, తిరస్కారం అని రెండు బొత్తాలు. వేలు ఆమోదం దాకా వెళ్ళింది. ఎవరికి తెలుస్తుంది, తెలిసేనాటికి ఎవరు అడుగుతారు అనుకుంది. అనుకున్నందుకు సిగ్గేసింది. సిగ్గేసినా వేలు వెనక్కి రాలేదు.

"నన్ను అంత నేర్చుకున్నావు కదా, ఇప్పుడేం చేస్తానో చెప్పు చూద్దాం," అంది.

"ఆమోదిస్తారు. అలసిపోయినప్పుడు మీరు ఎవరికీ ఎదురు చెప్పరు. అంత గట్టి మనిషి కారు."

కుముదినికి ఒళ్ళు మండింది. ఆఖరికి అద్దానికి కూడా లోకువైపోయింది తను. తిరస్కారం నొక్కి, కారణం రాసి, డైరెక్టరుకూ కొండ మీదివాళ్ళకూ ఒకేసారి పంపించేసింది. చాలా ఏళ్ళ తరువాత సొంత బుద్ధితో ఒక పని చేసినట్టనిపించి సంతోషం కలిగింది.

"చూసినావా, తప్పింది నీ లెక్క."

"తప్పలేదు," అంది సవరణి. "మీరు ఆమోదం వైపు వాలుతున్నారు. వద్దని బతిమాలితే నిట్టూర్చి ఆమోదించేవారు. లోకువ చేస్తే మాత్రం ఎదురు తిరుగుతారు. అందుకని లోకువ చేశాను. లోపం ఎటు వాలితే దానికి ఎదురుగా వంగడమే కదా మీరు నాకు నేర్పింది."

చేసింది మంచి పనే. చేసింది తనో కాదో కుముదినికి తెలియడం లేదు. పంపినదాన్ని రద్దు చేయడానికి ఇంకా వ్యవధి ఉంది. కానీ రద్దు చేస్తే అది కూడా దాని లెక్కలోదేనేమో. ఏమీ తోచక, కోపం పట్టలేక, ఎన్నడూ తిప్పనంత విసురుగా గాలి మీట తిప్పింది.

తెర మీద చుక్క చెక్కుచెదరలేదు.