ఎర్రదారం కట్టిన సీసా

ఏజెంట్ బాలశౌరికి ముందు కాళ్ళు పడిపోయాయి. తర్వాత చేతులు. పదో రోజున ఊపిరి. భుజం మీద సూది గుచ్చిన గుర్తు తప్ప ఒంటిమీద ఇంకేమీ లేదు.

"ఇక అతని చోటికి నువ్వు వెళ్ళాలి," అన్నాడు చీఫ్ అచ్యుతరామారావు, కొత్త ఏజెంట్ ఏడుకొండలుతో. అది 1944. బెజవాడ వన్ టౌన్‌లో ఒక బట్టల గోడౌన్ మేడమీద వాళ్ళ రహస్య ఆఫీసు. "భవానీపురం లాబ్‌లో కోతుల హెర్పిస్ వైరస్‌కి వాక్సిన్ తయారైంది. వాక్సిన్ వేసిన పది కుందేళ్ళకి అసలు వైరస్ ఎక్కిస్తే పదీ బతికాయి. వాక్సిన్ వేయని పదీ చచ్చాయి. ఎల్లుండి లాబ్‌లో నీతో కలిపి ఆరుగురు పనివాళ్ళకి వేస్తారు. బ్లాక్ లోటస్ ముఠా సీసా మార్చి వైరస్ పెట్టాలని చూస్తోంది. బాలశౌరికి ఎక్కించిందీ అదే. ఆరుగురూ పోతే లాబ్ మూతే!"

ఏడుకొండలు ఒక అడుగు ముందుకి వేశాడు. "లోపల మనవాళ్ళెవరైనా ఉన్నారాండీ?"

"నర్స్ రమాసుందరి. వాళ్ళలో చేరి మనకి కబుర్లు పంపుతోంది. కోడ్ వర్డ్ క్యారెట్."

మర్నాడే ఏడుకొండలు కుందేళ్ళ బోనులు కడిగే పనివాడుగా చేరాడు. జేబులో పెన్ను పిస్టల్, అందులో ఒకే ఒక్క గుండు. జార్జెట్ చీరలో రమాసుందరి ఎదురొచ్చి, "క్యారెట్లు తెచ్చావా?" అని నవ్వేసరికి సగం భయం పోయింది.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నే వాక్సిన్ సీసా మెడకి గుర్తుగా ఎర్రదారం కట్టింది ఏడుకొండలే. కొత్తవాడు బెదురుతున్నాడని డాక్టర్ భానుమూర్తి ముందు అతన్నే పిలిచాడు. రమాసుందరి సిరంజి నింపింది. కళ్ళు మూసుకోబోతూ ఏడుకొండలు సీసా వంక చూశాడు.

ఎర్రదారమే. కానీ పీటముడి!

అతను నేతవాళ్ళ ఇంట పుట్టినవాడు. తెగిన పోగుకి పీటముడి వేస్తే మగ్గంలో ఇరుక్కుంటుందని తల్లి రావమ్మ వేళ్ళమీద కొట్టి మరీ నేర్పింది. చచ్చినా ఆ చేతులు అలాంటి ముడి వేయవు.

సూది చర్మం దాకా వచ్చేసింది.

"ఆగండమ్మా! ముందు మీరు వేయించుకోండి."

రమాసుందరి మొహం పాలిపోయింది. మరుక్షణం సిరంజి ఎత్తి మీదికి ఉరికింది. పెన్ను పిస్టల్ తీద్దామంటే మూత ఊడలేదు. చేతికందిన బోను రేకు అడ్డం పెట్టాడు. సూది విరిగింది. డాక్టర్ ఆమె రెండు చేతులూ ఒడిసి పట్టుకున్నాడు. అసలు సీసా ఆమె హాండ్‌బాగ్‌లో దొరికింది, ఏడుకొండలు వేసిన సన్నటి ముడితో సహా. బాలశౌరిని చంపిందీ తనేనని ఆమె పోలీసుల ముందు ఒప్పుకుంది.

చీఫ్ వచ్చేసరికి ఏడుకొండలు ఇంకా ఆ బోను రేకు పట్టుకునే ఉన్నాడు. ఎదురుగా డాక్టర్, చేతిలో అసలు వాక్సిన్.

"ఇంకా భయమేమిటయ్యా? పది కుందేళ్ళు కిక్కురుమనకుండా వేయించుకున్నాయి!" అన్నాడు చీఫ్.

"వాటికి ముడులు చూడటం రాదు కదండీ," అంటూ ఏడుకొండలు చెయ్యి చాపాడు.