కొనవద్దన్న బ్రోకరు

ఆదివారం పొద్దున్నే బెల్లు మోగితే లెక్కల మాస్టారు ఎర్ర పెన్ను చేతిలో ఉండగానే వెళ్ళి తలుపు తీశాడు. గుమ్మంలో ఒక అమ్మాయి, ఆమె వెనక ఒక జంట, ఆ జంట చేతిలో కొలతల టేపు.

"ఇల్లు చూడ్డానికొచ్చామండి," అంది అమ్మాయి, అప్పటికే చెప్పులు విడుస్తూ.

"చూడండి. ఇంటితోపాటు నన్ను కూడా అమ్ముతున్నారా?"

"లేదండి. మిమ్మల్ని ఖాళీ చేసి ఇస్తామనే చెప్పాం," అంది, ఏమాత్రం తడబడకుండా.

వాళ్ళ పరిచయం అలా శుభప్రదంగా మొదలైంది.

ఇంటి ఓనరు ఫ్లాటు అమ్మకానికి పెట్టాడు. రెండు నెలల్లో ఖాళీ చేయమని ఉత్తరం రాస్తూ, చివర్లో మాస్టారి సహకారానికి ముందుగానే ధన్యవాదాలు చెప్పుకున్నాడు. ఆ అమ్మాయి బ్రోకరు. ప్రతి ఆదివారం ఎవరినో ఒకరిని వెంటబెట్టుకుని వచ్చేది. మాస్టారూ సహకరించాడు, తనకు చేతనైన పద్ధతిలో. అంటే, నిజాలు చెప్పాడు.

మధ్యాహ్నం మూడు దాటితే పడమటి ఎండ సరిగ్గా స్టవ్వు పక్కకు వచ్చి నిలబడుతుందనీ, కాబట్టి ఒక మంటకు డబ్బు కడితే రెండో మంట ఉచితమనీ చెప్పాడు. సింకు ఎంత కిందికి ఉందంటే, గిన్నెలు తోమినంతసేపూ దానికి వంగి దణ్ణం పెడుతున్నట్టే ఉంటుందన్నాడు. పై అర అందాలంటే పీట వేసుకోవాలనీ, పీట వేస్తే వంటగది తలుపు తెరుచుకోదనీ వివరించాడు. వచ్చినవాళ్ళు ఎంతో మర్యాదగా థాంక్స్ చెప్పి మెట్లు దిగేవారు. మళ్ళీ ఎక్కేవారు కారు.

నాలుగో ఆదివారం వాన. కొనేవాళ్ళు రాలేదు, అమ్మాయి మాత్రం తడిసి ముద్దై వచ్చింది. మాస్టారు తువ్వాలు ఇచ్చి, టీ పెట్టాడు. ఆ టీ తాగాక ఆమె చాలాసేపు కప్పులోకి చూసింది.

"మీలాంటి అద్దెదారు దొరకడం నా అదృష్టం మాస్టారూ. వారం వారం నాలుగంతస్తులు ఎక్కి దిగడం ఒంటికి మంచిదే."

"లిఫ్టు గురించి ప్రకటనలో 'త్వరలో' అని రాశారుగా. పదకొండేళ్ళుగా నేనూ దానికోసమే చూస్తున్నాను."

తర్వాత అతను ఒక కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అందులో రెండు వరసలు. ఒకవైపు ఇరవయ్యేళ్ళ అద్దె, ఏటేటా పెరిగే దానితో సహా. రెండోవైపు ముందుగా కట్టాల్సిన మొత్తం, లోను మీద వడ్డీ, పన్ను, మరమ్మతులు. లెక్క తప్పేమోనని పదో తరగతికి కూడా ఇచ్చి చూశాడట. నలభై ఒక్కమందిలో నలభైమంది అద్దే లాభమని తేల్చారు. మిగిలినవాడు ఆ రోజు బడికి రాలేదు.

"మరింకేం? అద్దింటికే వెళ్ళండి."

"లేదు. ఈ ఫ్లాటు నేనే కొంటాను."

స్టెప్పులు రాయని జవాబుకు సున్నా వేసే మనిషి, ఈ జవాబుకు ఒక్క స్టెప్పు కూడా చూపలేదు.

అమ్మకం జరిగితే ఆమెకు వచ్చే కమీషను ఆరు నెలల బతుకు. బుద్ధి ఉన్న బ్రోకరు ఎవరైనా అక్కడికక్కడే అడ్వాన్సు రాయించుకునేవారు. ఈమె మాత్రం కాగితం మడిచి పక్కన పెట్టింది.

"మీకు వంట వచ్చా?"

"గుడ్డు ఉడకబెడతాను. టీ సంగతి మీకు తెలిసిందే."

"మరి సింకు కిందికుంటే నడుము నొప్పి ఎవరికి?"

మాస్టారు ఖాళీ కప్పులు తీసుకెళ్ళి, వంగి సింకులో పెట్టాడు.

"అమ్మకి," అన్నాడు చివరికి. "పోయి నాలుగు నెలలైంది."

హాజరు పిలిచినట్టే చెప్పాడు, గొంతులో తేడా లేకుండా.

"మూడు వారాలుగా మీరు చెప్పిందంతా ఆవిడ మాటలే కదూ," అంది ఆమె మెల్లగా.

తను కొనేవాళ్ళను తరిమేస్తున్నాననే అతను అనుకున్నాడు. ఆదివారం ఆదివారం పది నిమిషాలపాటు ఆ వంటగదిలో అమ్మ మాట్లాడుతోందన్న సంగతి ఇప్పుడే తెలిసింది. ఆవిడ ప్రతి ఏడాదీ ఇల్లు మారదామనేది. అతను ప్రతి ఏడాదీ పరీక్షలయ్యాక చూద్దామనేవాడు. ఆ మాట కూడా అమ్మాయికి చెప్పాడు. అది తప్ప ఇంకేమీ చెప్పలేదు.

"ఆవిడకు ఒక్కరోజూ నచ్చని ఇంటికి ఇరవయ్యేళ్ళు కిస్తీలు కడతారా? కొనకండి మాస్టారూ."

"ఇలా చెప్పే బ్రోకర్లు ఎలా బతుకుతారండీ?"

"మా నాన్న కూడా రోజూ ఇదే అడుగుతాడు."

మాస్టారు నవ్వబోయి, అలవాటు తప్పడంతో దగ్గాడు.

తర్వాతి ఆదివారం వచ్చినవాళ్ళతో, వంటగది మీరే చూసుకోండని చెప్పి బాల్కనీలో నిలబడ్డాడు. వాళ్ళు వారంలో కొనేశారు.

ఇక అతనికి అద్దిల్లు వెతికే పని ఆమె మీద పడింది, లేదా ఆమే మీద వేసుకుంది. రెండు వారాల్లో ఆరిళ్ళు చూపించింది. దారి పొడుగునా ఒకటే వాదన. సొంతిల్లయితే గోడకు మేకు కొట్టుకోవచ్చని ఆమె, అద్దిల్లయితే గోడ తడిస్తే ఓనరును తిట్టుకోవచ్చని అతను. ఐదో ఇల్లు చూశాక, గదులు చిన్నవని ఆమె పెదవి విరిచింది. తనకు సరిపోతాయన్నాడు.

"మీకు సరిపోతాయి," అంది, ఎటో చూస్తూ.

తెలియని విలువ ఎక్కడ దాక్కున్నా పట్టుకునే మాస్టారికి ఈ వాక్యం అర్థం కావడానికి సాయంత్రమైంది.

ఆరో ఇల్లు కుదిరింది. ఓనరు రిటైరైన నర్సమ్మ. ఆవిడ భోజనాల బల్ల దగ్గర కూర్చుని అమ్మాయి అగ్రిమెంటు ఫారం నింపసాగింది. పేరు, ఉద్యోగం, ఫోను.

"ఇంట్లో ఉండేది ఎంతమంది?" అని అడిగి, అతను నోరు తెరిచేలోగా ఆపింది. "ఏడాది అగ్రిమెంటు మాస్టారూ. మధ్యలో మారిస్తే మొత్తం మళ్ళీ రాయాలి. ఆలోచించి చెప్పండి."

"ఇద్దరు," అన్నాడు.

ఆమె ఆ అంకె వేసింది. "రెండోవారు మీకేమవుతారు?"

"అది వాళ్ళ నాన్నగారిని అడిగి చెప్పాలి."

"ముందు ఆ అమ్మాయిని అడగరా?"

"అడుగుతున్నానండీ."

నర్సమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. తీరిగ్గా తేల్చుకోండమ్మా, ఒకరున్నా ఇద్దరున్నా అద్దె ఒకటేనంది.

అమ్మాయి తల దించుకుని, ఉండేవారి పేర్ల దగ్గర రెండో గీత మీద, ఎవరినీ అడక్కుండా తన పేరు రాసింది.