కంట్లో నూనె

మా కంటి ఆసుపత్రిలో చీకటిగది అంటే మొదటి అంతస్తులో మూలనున్న గది. పట్టపగలు కూడా నల్ల తెరలు దించే ఉంటాయి. పదమూడేళ్లుగా నా ఉద్యోగం అక్కడే. రోగిని గాలి ఊదే మిషను ముందు కూర్చోబెట్టి, కంటి ప్రెషరు చూసి, చీటీలో రాసి డాక్టరుగారికి పంపడం. కళ్లు మూసుకుని చేసేస్తానని గొప్పలు పోయేవాణ్ణి.

గడియారాలు బాగుచేసే పెద్దాయన ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చేవాడు. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండో కంట్లో లోపలి పొర, రెటీనా, ఊడితే ఆపరేషన్ చేసి, అది కదలకుండా లోపల సిలికాన్ నూనె నింపారు. కొన్ని నెలలకి తీసేయాల్సిన నూనె అది. అలాగే వదిలేస్తే సన్నటి బుడగలుగా విరిగి, ప్రెషరు పెంచి, చూపునే తినేస్తుంది.

ఒక రోజు ఆయన్ని కూర్చోబెడితే మిషను నలభై రెండు చూపించింది. ఇరవై దాటితేనే కంగారు పడాలి. రెప్ప బిగపట్టాడనుకున్నాను. బిగపడితే అంకె పెరుగుతుంది, మళ్లీ చూడాలి. భోజనాల వేళ. బయట ఇంకా పదిమంది. కిందటిసారి అంకె చూసి అదే చీటీలో వేసేశాను. ఆ చీటీ నమ్మి డాక్టరుగారు రెండు నెలలాగి నూనె తీద్దామన్నారు. రెండు నెలలకి నూనె ఉంది, చూపు లేదు. ఆ తర్వాత వారానికే పెద్దాయన మెట్ల మీంచి పడి చనిపోయాడు.

పాత కాగితాల కోసం కూతురు వచ్చింది. నా ఎదురుగా కూర్చుని గొంతు తగ్గించి అడిగింది.

"ఆపరేషన్ అయ్యాక నాన్నని బోర్లా పడుకోబెట్టమన్నారు కదండీ. మెడ నొప్పంటే జాలిపడి నేనే రెండు రాత్రులు వెల్లకిలా తిప్పాను. కన్ను అందుకే పోయిందా?"

కాదమ్మా అనాలి. ఒక్క మాట. నోరు తెరిచాను కూడా.

"అయ్యుండొచ్చమ్మా," అన్నాను.

ఆమె తలూపి వెళ్లిపోయింది. నా సిగ్గుమాలిన ప్రాణం కుదుటపడింది.

మిషను తుడవబోయాను. స్పిరిటు వాసన. ఏసీ గురగుర. గడ్డం ఆనించే చోట అప్పుడే మార్చిన కాగితం... మెల్లగా లోపలికి నొక్కుకుంది. అవతలి కుర్చీ కిర్రుమంది. అందులో ఎవరూ లేరు. మిషను దానంతటదే ఫుస్సుమంది. రోగి వైపు కాదు... ఇటు. నా కుడికంట్లోకి.

"రెప్ప బిగపట్టకు బాబూ," అన్నారెవరో, మెత్తగా.

ఆ సాయంత్రం నుంచి కుడికంటి చూపు అడుగున నల్లటి చిన్న బుడగలు. తల వంచితే కదులుతాయి. తప్పు చేసినవాడి భ్రమలే అని వారం రోజులు సర్దిచెప్పుకున్నాను. చివరికి డాక్టరుగారి ముందు గడ్డం ఆనించాను. ఆయన చాలాసేపు చూశారు.

"నూనె పెట్టి ఏడాది దాటినట్టుంది. అంతా విరిగిపోయింది," అన్నారు. "తీయించుకోమని నీకెవరూ చెప్పలేదా?"

నాకసలు ఏ ఆపరేషనూ జరగలేదన్నాను. ఆయన అద్దం చేతికిచ్చి రెప్ప ఎత్తారు. తెల్లగుడ్డు మీద, నూనె నింపేటప్పుడు పెట్టే మూడు కోతలు. ఎప్పుడో మానిపోయినవి.

వెళ్లి ఆ అమ్మాయికి నిజం చెప్పేయాలి అనుకున్నాను. రేపు తప్పకుండా...

డాక్టరుగారు దీపాన్ని నా ఎడమకంటి మీదికి తిప్పారు. ఆ వెలుగు నాకు కనబడలేదు. తన కుర్చీని మెల్లగా వెనక్కి జరుపుకున్నారు.