తగ్గు... తగ్గు...

మాన్వి నుంచి, వలసొచ్చిన మా తెలుగు రైతుల క్యాంపుకొచ్చే కాలవగట్టు మీద పాత తూము ఒకటుంది. పొద్దుగూకాక అటు వెళ్ళాలంటే ఎంతటి మగాడికైనా కాళ్ళాడవు. మోటారు సైకిలు మీద వస్తున్న కుర్రాడొకడు అక్కడే పడి చచ్చిపోయాడు. అప్పట్నించీ... చీకట్లో ఆడగొంతు ఒకటి పిలుస్తుందంటారు. ఏమని పిలుస్తుందో మాత్రం ఎవడూ చెప్పలేడు. నిలబడి విన్నవాడుంటేగా!

విన్నవాడు ఒక్కడే — చెన్నకేశవరావుగారి అల్లుడు బాబ్జీ. నేను చెప్పేది అతని నోట విన్నదే. ఒక్క ముక్క కలిపినా వాళ్ళావిడ పావని ఊరుకోదు.

బాబ్జీది తణుకు పక్క పల్లె. పెళ్ళయి ఏడాది తిరక్కుండానే మా క్యాంపుకి ఇల్లరికం వచ్చాడు. వస్తూ వస్తూ కారొకటి తెచ్చుకున్నాడు. అబ్బో, ఏం కారండీ అది! నల్లగా నిగనిగలాడుతూ, అద్దాలకి నల్ల కాగితం, నేలకి జానెడు ఎత్తులో ఉంటుంది. మీట నొక్కితే ఉరుముతుంది. అత్తగారు కుసుమకుమారిగారు అందులో కూర్చుంటే మళ్ళీ లేవడానికి ఇద్దరు పట్టుకు లాగాలి. స్పీడు బ్రేకరు కనబడితే చాలు, పొట్ట గీసుకుంటుంది. "వరి చేల దారికి ఇది పనికొచ్చే బండా బాబూ? ఎత్తుగా ఉండేది ఏదన్నా కొనుక్కోండి" అని మావగారు చెప్పి చెప్పి, నోరు నొప్పెట్టి ఊరుకున్నారు. బాబ్జీకి ఆ కారంటే ప్రాణం.

ఒక రాత్రి మాన్వి నుంచి ఒక్కడే వస్తున్నాడు. తూము దగ్గరకొచ్చేసరికి — ఎక్కణ్ణుంచో, సన్నగా...

"తగ్గు... తగ్గు..."

కారులో మోగుతున్న పాట ఆపాడు. అద్దం కాస్త దించాడు. గాలి తప్ప ఏమీ లేదు. సరే, భ్రమ అనుకుని అద్దం ఎక్కించబోతుంటే, చెవి పక్కనే అన్నట్టు —

"తగ్గూ!"

ఒక్క తొక్కు తొక్కాడు. అంతలో కారు కింద గర్‌ర్‌ర్... ఎవరో పొట్ట పట్టుకుని గోళ్ళతో గీరినట్టు! ఇంటికొచ్చి టార్చి వేసి చూస్తే బంపరు కింద గీతలు. పక్కపక్కనే నాలుగు. చెయ్యి చాపి కొలిచి చూసుకున్నాడు పిచ్చాడు, తన వేళ్ళంత దూరంలోనే ఉన్నాయి.

"తగ్గమందా! ఇంకేముంది బాబూ, మీ జోరు చూసి దానికి కన్నుకుట్టింది" అంది అత్తగారు గుసగుసగా. "చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించండి. పావనితో మాత్రం అనకండి. అసలే వట్టిమనిషి కాదు."

నిమ్మకాయలు తొక్కించాడు. మళ్ళీ వెళ్ళినప్పుడు ఏం జరిగింది? తూము మొదట్లో ఒక కర్ర పాతి ఉంది. దానికి తుమ్మకంప, కంపకి ఎర్ర గుడ్డపీలిక. చేతబడి! "నేను తగ్గను... ఎవరి ముందూ తగ్గను..." అని పైకే అనుకుంటూ, కర్రని తప్పించి దూకించాడు. ఈసారి కింద గీరుడు కాదు, ధడేలుమని దెబ్బ. వెనకనుంచి అదే గొంతు ఏడుపులా సాగింది... తగ్గూ...

ఆ రాత్రి అతనికి జ్వరం తగిలింది.

ఇక మూడోసారి. అప్పటికి పావనికి ఏడో నెల. మాన్విలో డాక్టరమ్మకి చూపించుకుని బయల్దేరేసరికి వాన పట్టుకుంది. రెండో దారి నీళ్ళలో మునిగిందన్నారు. కాలవగట్టే గతి. గట్టెక్కగానే బాబ్జీ అద్దాలన్నీ బిగిశాయో లేదో చూసుకున్నాడు. దెయ్యాలు కడుపుతో ఉన్నవాళ్ళ కోసమే కాచుక్కూచుంటాయని చిన్నప్పుడు విన్నవన్నీ ఒక్కొక్కటీ గుర్తుకొస్తున్నాయి. తననేం చేసినా ఫరవాలేదు... పావనిని, లోపలి బిడ్డని...

"కడుపులో తిప్పుతోందండీ" అంటూ పావని అద్దం దించింది.

"ఎక్కించు."

"కాస్త గాలి —"

"ఎక్కించమన్నానా!"

ఎప్పుడూ అరవని మొగుడు అరిచేసరికి ఆ పిల్ల బిత్తరపోయింది. అద్దం మాత్రం ఎక్కించలేదు. తూము దగ్గరికొస్తోంది. ఒక్క ఊపున దాటెయ్యాలని కాలు కిందికంటా నొక్కాడు. కారు ఉరిమింది.

వానలోంచి — తెల్లగా...

జుట్టు విరబోసుకుని, రెండు చేతులూ పైకెత్తి, రోడ్డు మధ్యకి పరుగెత్తుకొస్తోంది!

"తగ్గు! తగ్గు ఐతీ! తగ్గూ!"

"నా పెళ్ళాం జోలికొస్తే..." అంటూ బాబ్జీ కళ్ళు మూసుకున్నంత పని చేశాడు. కాలు తియ్యలేదు.

పావని అతని భుజం పట్టి గుంజింది. "ఏవండీ, ఆపండి! గొయ్యి! గొయ్యంటోంది... ఆపండీ!"

బ్రేకు. కారు గిర్రున జారి, అడ్డం తిరిగి, ఆగింది.

దీపాల వెలుగులో వాన పడుతోంది. వాన కింద రోడ్డు లేదు. తూము సగానికి సగం కొట్టుకుపోయి, అడుగున కాలవ నీళ్ళు హోరుమంటున్నాయి. ముందు చక్రానికీ ఆ గండికీ మధ్య ఒక మనిషి పడుకునేంత జాగా ఉంది.

పావని మాన్విలో కన్నడం బడిలో చదివింది. కన్నడంలో తగ్గు అంటే గొయ్యి, ఐతీ అంటే ఉంది. కూరగాయల బేరం దాటి కన్నడం రాని అత్తగారికి, నిన్న గాక మొన్నొచ్చిన అల్లుడికి అది ఎలా తెలుస్తుంది! రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చిన ఆ ముసలామె పేరు హనుమవ్వ. ఆ తూము మీది గోతిలో పడి చచ్చిపోయిన జంబన్న ఆమె ఒక్కగానొక్క కొడుకు. వాడు పోయినప్పట్నించీ పొద్దుగూకగానే వచ్చి, ఆ గోతి దగ్గర కూర్చుని, వచ్చే పోయే బండికల్లా కేకేస్తోంది. గొయ్యి ఉందని గుర్తుకి ఎర్ర గుడ్డ కట్టిందీ ఆమే. కారు పొట్టని గీరిందీ, ధడేలుమనిపించిందీ గోతి అంచు.

బాబ్జీ దిగాడు. దణ్ణం పెడదామని రెండడుగులు వేస్తే ముసలామె రెండడుగులు వెనక్కి వేసింది. పావనిని చూసి మెల్లిగా ఏదో అడిగింది.

"ఏమంటోంది?" అన్నాడు బాబ్జీ.

"లోపల మనుషులే ఉన్నారా అంటోందండీ." పావనికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఇన్నాళ్ళూ మన కారునే దెయ్యమనుకుందట. నల్లగా, నేలకంటుకుని, తలకాయ కనబడకుండా ఉరుముకుంటూ పోతుంటేనూ..."

బాబ్జీ తన కారు వంక చూశాడు. "మరి దెయ్యమనుకుని కూడా... పారిపోకుండా ఎందుకు అరిచిందో అడుగు."

పావని అడిగింది. హనుమవ్వ తడికొంగుతో మొహం తుడుచుకుని, ఆ మాత్రం తెలీదా అన్నట్టు చూసింది.

"దెవ్వ ఆదరేనవ్వా... అదక్కూ తాయి ఇర్తాళల్ల."

పావని పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

"దెయ్యమైతే మాత్రం... దానికీ తల్లి ఉంటుంది కదా, అంటోందండీ."