కడపట మూసిన విండో

విరించిపురం దగ్గర పాలారు ఇసుకలో విమల్ శవం దొరికిన రోజే ఏజెంట్ దీపన్‌కు పిలుపు వచ్చింది. విమల్ కూడా దీపన్ పనిచేసే గూఢచారి డిపార్ట్‌మెంట్ మనిషే. వేలూరు శివార్లలోని మంచినీళ్ల ప్లాంట్‌లో సర్వర్‌కు రహస్య కాపలాదారు.

గుడియాత్తంలో చీఫ్ రంగరాజులు లుంగీల కొట్టే వాళ్ల హెడ్‌క్వార్టర్స్. ముందు బేరాలు, వెనక గదిలో బ్రీఫింగ్.

"ప్లాంట్‌లో క్లోరిన్ ట్యాంకులు ఉండాయి. వాటి వాల్వులు కంప్యూటర్‌తోనే తెరిచేయాలని విదేశీ ముఠా చూస్తా ఉండాది," అన్నాడు రంగరాజులు. "లోపల వాళ్ల మనిషి ఎవరో తెలీదు నాయనా. టైల్స్ మేస్త్రీ వేషంలో పో. ఆడుండే గౌతమి మన పిల్లే."

"ఆ ప్లాంట్ గోడ అవతల వీధిలోనే మా అమ్మ ఉండాది అప్పా."

"తెలుసు. అందుకే నిన్ను పిలిచినా."

గాలిలో విషం వదిలితే ముందు పోయేది ఆ వీధే.

కంట్రోల్ రూమ్‌లో గౌతమి కనిపించింది. గుడియాత్తం బజారు షావుకారు కూతురు. వంకాయ రంగు చీర, నల్ల కళ్లజోడు, గదంతా సెంటు వాసన.

"మట్టం కుదిరిందా మేస్త్రీ?" అంది. అది కోడ్.

"నూలుపోగంత తేడా ఉండాదమ్మా." అది జవాబు.

ఆమె భోజనానికి వెళ్లగానే దీపన్ టైల్స్ మట్టం చూసే రసమట్టం విప్పాడు. లోపల చిన్న కీబోర్డు. సర్వర్‌లో ఒకేసారి ఎన్ని టెర్మినల్ విండోలైనా తెరవచ్చు. కొట్టిన కమాండ్లు విండో మూసేటప్పుడు హిస్టరీ ఫైల్‌లో పడతాయి. చిక్కల్లా, కడపట మూసిన విండో మిగతావాటి హిస్టరీని తుడిచేస్తుంది. ముఠా కమాండ్లు పట్టుకోవాలని విమల్ పడ్డ కష్టమంతా అలాగే బూడిదలో పోసిన పన్నీరైంది.

దీపన్ సెట్టింగ్ మార్చాడు. ఇక ఏ విండోలో ఏది కొట్టినా, ఎంటర్ నొక్కిన క్షణమే ఫైల్ చివర చేరుతుంది. నిఘా పెడితే హెచ్చరిక చూపించాలని డిపార్ట్‌మెంట్ రూల్. ఏ భాషలోనో రూల్ చెప్పలేదు. దీపన్ తెలుగులో రాశాడు. ఈ చుట్టుపక్కల తెలుగు మాట్లాడేవాళ్లకు కొదవ లేదు, చదివేవాళ్లకే కరువు.

గౌతమి తిరిగొచ్చి విండో తెరిచింది. దీపన్ టైల్స్ పరుస్తూ ఓరకంట చూస్తున్నాడు. పైన తెలుగు వాక్యం. ఒక్క క్షణం చూసి, వేళ్లతో తాకి కళ్లకద్దుకుంది. తర్వాత గబగబా ఏదో కొట్టింది. ఇంకో విండో తెరిచి రెండు మామూలు కమాండ్లు కొట్టింది. మొదటిది మూసింది. మొదటిదాని హిస్టరీ తుడిచిపోయేలా రెండోది ఆఖరున మూసింది.

అప్పుడు తెలిసింది దీపన్‌కు, విమల్‌ను చంపిందెవరో.

బోర్డు మీద ఎర్ర దీపం వెలిగింది. గౌతమి హ్యాండ్‌బ్యాగులోంచి గ్యాస్ మాస్క్, పిస్టల్ ఒకేసారి బయటికి వచ్చాయి.

"వాల్వులు తెరిచే టైమర్ నడస్తా ఉండాది మేస్త్రీ. దాని పేరు తెలిస్తేనే ఆపగలవు. ఆ పేరు యాడా లేదు."

దీపన్ విసిరిన రసమట్టం ఆమె మణికట్టు మీద పడింది. పిస్టల్ టైల్స్ మీద జారిపోయింది. దీపన్ హిస్టరీ తెరిచాడు. ఆమె కొట్టిన ప్రతి లైనూ వరసగా ఉంది, మధ్యలో టైమర్ పేరు. ఆపే కమాండ్ 'కిల్' అని, పక్కనే ఆ పేరూ కొట్టాడు. వాల్వు మోటారు ఒకసారి గుర్రుమని ఆగిపోయింది.

గోడ అవతల అమ్మ ఎవరినో గట్టిగా తిడుతోంది. ఆ తిట్లు వింటుంటే దీపన్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కడపట మూసింది నా విండోనే గదా," అంది గౌతమి, నమ్మలేనట్టు. "ఎట్లా మిగిలింది?"

"పైన రాసే పెట్టినా. 'ఇక్కడ కొట్టే ప్రతి కమాండూ దాచబడును.'"

"నేను వినాయకుని శ్లోకం అనుకుంటినే."

దీపన్ రంగరాజులు కొట్టు లుంగీతో ఆమె చేతులు బిగించి కట్టాడు.

"జైల్లో తీరిక ఉంటాది. అ ఆలతో మొదలుపెట్టమ్మా."