ఓడిపోయే మణికట్టు

కబురు వచ్చేసరికి వకుళ చంద్రవాడ కాంటీన్‌లో పెసరట్టు తుంచుతోంది. చంద్రుడి మీద అట్టు తిరగెయ్యడం చూడముచ్చటైన పని. ఎగిరిన అట్టు తొందరేమీ లేనట్టు తీరిగ్గా పెనం మీదికి దిగుతుంది. అది దిగేలోపే గోడ మీది తెర పలికింది: "చేతిగురువుకు అనుమతి లభించింది. రేపు నీళ్లు తెచ్చే అంతరిక్ష ఓడతో వాడకం మొదలుపెట్టవచ్చు."

"అక్కా, ఇక నేనే కేదారన్నని," అంది సలోమి, రేపు ఆ ఓడను రేవులోకి దించబోయే కొత్త పిల్ల. "పెసరట్టు కూడా ఆయనలాగే రెండు తింటా."

వకుళ నవ్వింది గానీ తుంచిన ముక్కను పళ్లెంలోనే వదిలేసింది. రేపటి ఓడలో మనుషులున్నారు.

చేతిగురువు ఒక పట్టీ. పనితనం ఉన్నవాడు దాన్ని మణికట్టుకు కట్టుకుని పని చేస్తుంటే, నరాల్లో పరుగెత్తే విద్యుత్ సంకేతాలను అది నేర్చుకుంటుంది. తర్వాత కొత్తవాళ్లు కట్టుకుంటే, వాళ్ల కండరాలను ఆ తీరులోనే కదిలిస్తుంది. భూమి మీది శాస్త్రవేత్తలు దాన్ని న్యూరో మస్క్యులర్ ట్రాన్స్‌ఫర్ అన్నారు. కనిపెట్టిన వకుళ మాత్రం ముద్దుగా 'నరాల నకలు' అంటుంది.

ఓడను దించే మీటల మీద ఆమె భర్త కేదార్‌ను మించిన చెయ్యి లేదు. తొయ్యాలి, లాగాలి, సరిగ్గా ఆఖరి క్షణంలో మణికట్టు విదల్చాలి. కానీ నేర్పడం కోసం ఓడలను పదేపదే దించలేరు. అందుకే టేబుల్ ఫుట్‌బాల్. అందులోనూ అవే కదలికలు. బల్లకు అడ్డంగా కడ్డీలు, కడ్డీలకు బొమ్మ ఆటగాళ్లు. బంతిని బొమ్మ పాదం కింద అదిమి పట్టి, కడ్డీని పక్కకు జరిపి, చటుక్కున విదల్చాలి. కడ్డీని గిరగిరా తిప్పితే తప్పాట. ఇక్కడ బంతి ఎగిరిపోకుండా పైన గాజుమూత కూడా ఉంటుంది. పెళ్లయిన కొత్తల్లో ఆ ఇద్దరూ రోజూ ఆడారు. ఆటకు ఆటా అయింది, పట్టీకి పాఠమూ అయింది.

"రా, పండగ చేసుకుందాం," అంటూ వకుళ తనే పట్టీ కట్టుకుని, కాంటీన్ మూలనున్న ఆ బల్ల దగ్గర సలోమి ఎదుట నిలబడింది.

చెయ్యి ఆమెది, నేర్పు కేదార్‌ది. బంతిని అదిమింది, జరిపింది. గోల్ ఖాళీగా కనిపించింది. విదల్చాల్సిన క్షణంలో మణికట్టు మెత్తబడింది. బంతి నెమ్మదిగా దొర్లి సలోమి బొమ్మ కాళ్ల దగ్గరికి చేరింది.

"నా మీద జాలా?" అంది సలోమి.

వకుళ మళ్లీ కొట్టింది. మళ్లీ అదే. పట్టీలో లోపం లేదు, పొద్దున్నే పరీక్షించింది. ఇలా మెత్తగా దొర్లుకుంటూ వచ్చే బంతిని తను ఎక్కడో చూసింది. ఎక్కడో ఏమిటి, రోజూ చూసింది. బల్లకు ఇవతలి వైపు నుంచి.

కేదార్ టీ గ్లాసులతో వచ్చాడు.

"నిజం చెప్పు," అంది వకుళ. "నాతో ఒక్క ఆటైనా నిజంగా ఓడిపోయావా?"

అతను గ్లాసులు కింద పెట్టాడు. "గెలిచినప్పుడు నువ్వు గాజుమూత మీద దరువేస్తావు కదా. ఆ దరువు కోసం..."

ఆమెకు ఏడుపూ సంతోషమూ ఒకేసారి వచ్చాయి. వాటి వెనకే భయం. ఎదుట ఎవరున్నారో పట్టీకి తెలియదు. ఆఖరి క్షణంలో చెయ్యి సడలాలన్నదే అది నేర్చుకున్న పాఠం. రేపు ఓడ రేవు గోడకు ఆనే క్షణంలో సలోమి చెయ్యి కూడా అంతే ప్రేమగా సడలుతుంది.

"ఇప్పుడు కొట్టు, నన్ను ఓడించు," అంటూ పట్టీ విప్పి, కదిలించకుండా నేర్చుకోవడం మాత్రమే చేసేలా మార్చి అతని చేతికి కట్టింది.

కేదార్ పళ్లు బిగించాడు. బంతి దొర్లుకుంటూ వచ్చి ఆమె బొమ్మ పాదానికి ఆనింది.

"ఒట్టు, నిజంగానే కొట్టాను," అన్నాడు. మొహం పాలిపోయింది.

"మరి రేపు నువ్వే దించాల్సివస్తే, మీటల దగ్గర నీ చెయ్యి..."

"అక్కడ నువ్వు ఎదురుగా ఉండవు కదా."

సలోమి వచ్చి అతని ఎదుట నిలబడింది. బంతి తుపాకి గుండులా ఆమె గోల్‌లో పడింది. వకుళ ఊపిరి పీల్చుకుంది.

"పోనీ అక్కా, అన్నని నాతో ఆడించి పట్టీకి నేర్పించకూడదూ? చక్కగా చితక్కొడుతున్నాడు."

"నీతో మంచి పాఠమే వస్తుంది. కానీ ప్రేమించినవాళ్లు ఓడలో ఉన్న రోజున ఆ చెయ్యి ఏం చేస్తుందో నాకు తెలియాలి," అంది వకుళ.

తెర వైపు తిరిగి, అనుమతి తనకు ఇప్పుడే వద్దని చెప్పింది. అనుమతి చూపే ఆకుపచ్చ తెర, వాడకం ఆగిందన్న గుర్తుగా నీలంగా మారింది. తర్వాత కేదార్‌కు టీ అందించింది.

"రేపు ఓడను నువ్వే దించు. దించగానే నేరుగా ఈ బల్ల దగ్గరికి రా. పట్టీ కట్టుకుని నాతో ఆడాలి."

"నిజంగా ఓడిస్తే అలుగుతావు."

"అలుగుతాను. అయినా నువ్వు ఆగకు. నన్ను చిత్తుగా ఓడించేదాకా రేపు మనిద్దరికీ అన్నం లేదు."